వీపు మీద వాన

గుడ్లవల్లేరు దాటగానే వాన అందుకుంది. బస్సులో నా సీటు పక్కనున్న అద్దం సగం దాకా జరిగి మొరాయించింది. ఎంత లాగినా రాలేదు. సరేలెమ్మని చున్నీ తల మీద కప్పుకుని ముందుకు వంగి కూర్చున్నాను. ముందు ఒక్క చినుకు, కుడి భుజం కింద. కాస్త ఆగి ఇంకొకటి. ఆ తర్వాత గాలి తిరిగినట్టుంది, గుప్పెడు చినుకులు ఒక్కసారిగా వీపంతా పరుచుకున్నాయి. నేను గభాలున వెనక్కి తిరిగాను. వెనక సీట్లో పెద్దాయన ఉలిక్కిపడి, రెండు చేతులూ పైకెత్తి, "నేను కాదమ్మా, వాన!" అన్నారు. పెదవులు కదిలిన తీరు చూసి ఆ మాట పట్టుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. పాపం, ఆయన ఇంకా కంగారుపడ్డారు. నేను వెతికింది ఆయన్ని కాదు, నాంచారమ్మ గారిని. వానని వీపు మీద చెప్పగలిగిన మనిషిని నా జీవితంలో ఆవిడ ఒక్కర్నే చూశాను.

నాకు చెవులు వినపడవు. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చింది, పోతూ పోతూ వినికిడిని వెంటబెట్టుకు పోయింది. అప్పటికే అక్షరాలు వచ్చేశాయి కాబట్టి చదవడం, రాయడం నాకు మిగిలాయి. మిగతా మాటలన్నీ చెవిటిపిల్లల బడిలో నేర్చుకున్న సైగల భాషే. మా నాన్న గుడివాడలో ధాన్యం కమీషన్ కొట్లో గుమాస్తా. డిగ్రీ అయ్యాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో, బందరులో ఒక మ్యూజియానికి సైగలు వచ్చిన మనిషి కావాలట అని మా టీచరు గారు మెసేజ్ పెట్టారు. ఆ పూటే బస్సెక్కాను. మ్యూజియం అంటే కత్తులూ, నాణేలూ, రాజుల బొమ్మలూ ఉంటాయనుకున్నాను. తీరా వెళ్ళి చూస్తే లైను కొంపలు!

బందరులో పాత రేవు వైపు, ఒకే పెంకుల కప్పు కింద ఎదురెదురుగా రెండు వరసల పోర్షన్లు, మధ్యన ఇరుకు నడవ. ఒక్కో సంసారానికి ఒక్కో గది. ఓడల మీద వ్యాపారం చేసిన ఒక షావుకారు కూలీల కోసం కట్టించాడట. ఓడలు రావడం మానేశాక, ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్ళు అందులో చేరారు. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ళు, కలంకారీ అచ్చులు చెక్కే సాయిబుల కుటుంబం, రోల్డుగోల్డు పనికి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు, ఉప్పెనకి ఊరే లేకుండా పోయిన దివిసీమ జాలరులు. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు, అందరికీ ఒకటే బావి. వాళ్ళంతా మెల్లమెల్లగా ఖాళీ చేసి వెళ్ళాక, షావుకారు వారసులు కొంపలు పడగొట్టబోయి, ఎవరో నచ్చజెబితే ఆగారు. గదుల్ని ఉన్నవి ఉన్నట్టే ఉంచి జనానికి చూపించమని రిటైరైన లెక్చరర్ మూర్తి గారికి అప్పగించారు. ఖాళీ చెయ్యకుండా మిగిలిన ఒకే ఒక్క మనిషి నాంచారమ్మ గారు. చిట్టచివరి పోర్షన్ ఆవిడది. ఆవిడ పుట్టు చెవిటి.

మూర్తి గారు చాలా మంచివారు. చెవిటివాళ్ళకి కూడా ఈ కొంపల కథ చెప్పాలన్న ఆలోచన ఆయనదే. కాకపోతే వివరించడం మొదలుపెడితే ఒళ్ళు తెలియదు. మొదటిరోజు నన్ను గదులన్నీ తిప్పుతూ, ప్రతి గదిలోనూ వెనక్కి తిరిగి, గోడకే పాఠం చెప్పారు. నాకు కనిపించింది ఆయన బట్టతలా, ఊగుతున్న చొక్కా కాలరూ మాత్రమే. ఏం చెయ్యాలో తోచక పక్కకి చూస్తే, గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా రోల్డుగోల్డు గాజులు, ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఆవిడ మూర్తి గారి వెనకే నిలబడి అచ్చం ఆయనలాగే గోడకి దణ్ణాలు పెడుతూ, గోడని బుజ్జగిస్తూ, గోడతో పోట్లాడుతూ అభినయిస్తోంది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. మూర్తి గారు తన పాఠానికే నవ్వుతున్నాననుకుని సంతోషించారు.

ఆవిడే నాంచారమ్మ గారు. ఆవిడ చేతులతో అన్న మాటల్ని నేను దివిసీమ యాసలో రాస్తున్నాను. సైగలకి యాస ఎక్కడిదంటే నేనేం చెప్పలేను. ఆవిడ మొహం చూస్తే మాత్రం అలాగే వినపడినట్టుండేది నాకు.

"గుడివాడ పిల్లా, నువ్వు చదువుతావంట కదా. ఇదేం రాశాడో చెప్పు," అంటూ ఆవిడ నన్ను తన పోర్షన్ బయట వేలాడదీసిన బోర్డు ముందుకి లాక్కెళ్ళింది. ఉప్పెన ఎలా వచ్చిందో, ఊళ్ళు ఎలా పోయాయో, మిగిలినవాళ్ళు ఈ కొంపలకి ఎలా చేరారో అందులో ఉంది. నేను వాక్యం వాక్యం సైగల్లో చెప్పాను.

"మా అమ్మ ఉందా అందులో?"

మళ్ళీ చూశాను. లేదు.

"ఆదివారం ఆదివారం జనం వస్తారు. ఆయన ఇక్కడ నిలబడి మావాళ్ళ గురించి ఏందో చెప్తాడు. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఏం చెప్తన్నాడో నాకు తెల్దు. మా అమ్మ గురించి నేనే చెప్పాల. నా చేతుల్తో. సూసేవాళ్ళకి తెలవాల."

మూర్తి గారు అదే రోజు విషయం విడమర్చి చెప్పారు, ఈసారి నా మొహంలోకి చూస్తూ. వారసులు ఒక్క ప్రదర్శనకి ఒప్పుకున్నారు. బందరు చెవిటిపిల్లల బడి నుంచి పిల్లలొస్తారు. అది బాగా జరిగితే ప్రతి శనివారం సైగల పర్యటన ఉంటుంది, నాకు ఉద్యోగమూ ఉంటుంది. కుదరకపోతే అక్కడితో సరి. నాంచారమ్మ గారికి తన అమ్మ కథ చెప్పుకునే అవకాశం మళ్ళీ రాదు.

బర్మా వాళ్ళ పోర్షన్‌తో సాధన మొదలుపెట్టాను. అక్కడ ఒక సానరాయి ఉంది. దాని మీద చెట్టుబెరడు అరగదీసి, ఆ ముద్దని చలవకోసం బుగ్గలకి పూసుకునేవాళ్ళు. నేను ఎడమచేత్తో రాయిని చూపిస్తూ, కుడిచేత్తో గడగడా కథంతా చెప్పేశాను. నాకే ముచ్చటేసింది. నాంచారమ్మ గారు నన్ను జబ్బ పట్టుకుని, చూడవచ్చినవాళ్ళు నిలబడేచోట నిలబెట్టి, అచ్చం నేను చేసినట్టే చేసి చూపించింది. ఆ తర్వాత చటుక్కున నా కళ్ళు మూసి తెరిచి అడిగింది.

"రాయి ఎట్టా ఉంది? గుండ్రమా, పలకా?"

నేను గుండ్రం అన్నాను. పలక! నా కళ్ళు ఆవిడ చేతుల మీదే ఉన్నాయి, రాయిని చూడనేలేదు.

"చెవులున్నోళ్ళు రాయిని చూస్తా కథ ఇంటారు. మనకి రెంటికీ కళ్ళేనే పిచ్చిదానా. చూపించు. చేతులు దించు. కడుపునిండా చూడనియ్యి. వాళ్ళంతట వాళ్ళు నీ మొహంలోకి చూస్తారు చూడు, అప్పుడు చెప్పు."

చేతులు దించుకుని ఊరికే నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నాకు ఓపిక తక్కువ. ఆవిడ నా వెనక నిలబడి, నేను తొందరపడినప్పుడల్లా జడ పట్టుకు లాగేది. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి నేను నేర్పే మొదటి పాఠం అదే, జడ లాగడం ఒక్కటి తీసేశాను.

మా ఇద్దరికీ తగువులు కూడా బోలెడు. ఆవిడ బడికి వెళ్ళలేదు. నాకొచ్చిన సైగలు సగం ఆవిడకి రావు. ఆవిడ సైగలు నేనెక్కడా చూడలేదు. అరచేతిలో పిడికిలితో గుద్దితే అచ్చుల సాయిబు ఇల్లు. బుగ్గ మీద మూడు వేళ్ళు రాస్తే బర్మా వాళ్ళు. బొటనవేలు దగ్గర ఉఫ్ మని ఊదితే రోల్డుగోల్డు అతికే ఆడవాళ్ళు. "ఇవి సరైన సైగలు కాదు పిన్నీ, పిల్లలకి అర్థం కావు," అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. "నేనీడికి వచ్చినప్పుడు నా మాట తెలిసినోళ్ళు ఒక్కళ్ళూ లేరు. మావాళ్ళంతా నీళ్ళలో పోయారు. ఈ కొంపలోళ్ళంతా కలిసి చేసిచ్చారు నాకీ మాటలు. సాయిబుగారి పెళ్ళాం ఒకటి, బర్మా తాత ఒకటి. చెవులున్నోళ్ళయ్యుండీ బావి కాడ నీళ్ళు తోడతా ఇయ్యే మాట్లాడుకునేవోళ్ళు. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి రాదుగా! ఇది నా ఒక్కదాని బాస కాదే, ఈ కొంపల బాస." మ్యూజియంలో ఇంతకన్నా విలువైన వస్తువు ఇంకొకటి లేదని నాకప్పుడే అనిపించింది. సైగలు రెండు రకాలూ చూపించాలని రాజీపడ్డాం. రాజీ కుదిరిన సంతోషంలో నాకు పేరు పెట్టింది. మా చెవిటివాళ్ళలో పేరు ఎవరికి వాళ్ళు పెట్టుకోరు, ఇంకో చెవిటి మనిషి చూసి పెట్టాలి. గుడివాడలో ధాన్యం కొనేవాళ్ళు గింజ తీసి పళ్ళ మధ్య కొరికి ఎండిందో లేదో చూస్తారు కదా, ఆ సైగే నా పేరు. దేన్నీ కొరికి చూడందే నమ్మవని వెక్కిరింపు. ఈ రోజుకీ చెవిటివాళ్ళలో నా పేరు అదే.

ఆవిడ పోర్షన్ దగ్గరే చిక్కొచ్చింది. చిన్న గది, ఒకటే కిటికీ, మూల ఒక లాంతరు. ఆనాటి చీకటి అలాగే ఉంచాలని మూర్తి గారి పంతం. లాంతర్లో నూనె కూడా పోయించలేదు. ఆ మసకలో చేతులు కనిపించవు. బల్బు పెట్టించమని అడిగితే ఆయన ఫోన్లో తడుముకుంటూ టైపు చేసి చూపించారు, "ఆ చీకటే కదమ్మా ఈ గది ప్రత్యేకత!" అని. నేను కింద టైపు చేశాను, "చీకట్లో మేం మూగవాళ్ళం కూడా అయిపోతాం సార్." మర్నాడు ఆయనే స్టూలెక్కి, నాంచారమ్మ గారు కాళ్ళు పట్టుకుని ఉండగా, బల్బు బిగించారు. వెలిగినప్పుడు ముగ్గురం గంతులేశాం.

ఇంకొక చిక్కు మాత్రం తేలలేదు. ఆ గదిలో సాధన చేసినప్పుడల్లా నాంచారమ్మ గారు గాలిని చూపించేది, తాడిచెట్లు వంగడం, పడవలు ఎగరడం చూపించేది. చూస్తే ఒళ్ళు గగుర్పొడిచేది. అమ్మ దగ్గరికొచ్చేసరికి చేతులు ఆగిపోయేవి. "చెప్పు పిన్నీ" అంటే తల అడ్డంగా ఊపేది. "ఆ మాట చేతుల్లోకి రాటంలేదే." అమ్మ కథ కోసమే ఇంత పట్టుబట్టిన మనిషి అమ్మ దగ్గరే ఆగిపోతే ఎలాగని నాకు గుబులుగా ఉండేది.

పిల్లలొచ్చిన రోజు పొద్దుట్నుంచీ మబ్బు. వ్యాన్ దిగుతూనే వాళ్ళ చేతులు గాల్లో ఎగురుతున్నాయి. అబ్బ, ఎంత సందడో! బావి దగ్గర నాంచారమ్మ గారు కొంపల సైగలు నేర్పితే, పిల్లలు సాయిబుగారి ఇల్లని గుద్దుకుంటూ, ఉఫ్ మని ఊదుకుంటూ నడవంతా పరుగులు. నేను బర్మా వాళ్ళ గదిలో సానరాయి చూపించాను, చేతులు దించాను, ఆగాను. ఒక్కొక్క మొహమే నా వైపు తిరిగింది. ఆవిడ చెప్పినట్టే జరిగింది!

చివరి పోర్షన్లోకి అందరం సర్దుకునేసరికి జల్లు మొదలైంది. కిటికీలోంచి నీళ్ళు కొడుతుంటే మూర్తి గారు కిటికీ, తలుపూ మూసేశారు. నాంచారమ్మ గారు బల్బు కింద నిలబడి చేతులెత్తింది. కరెంటు పోయింది.

ఆ చీకటిని ఎలా చెప్పను! మీకైతే పక్కవాళ్ళ మాటైనా వినపడుతుంది. మాకు ప్రపంచం మొత్తం ఆగిపోతుంది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుంటున్నారు. ఇంత కష్టపడి ఇక్కడికొచ్చి అయిపోయిందే అని నాకు ఏడుపొచ్చింది. మూర్తి గారు ఫోన్ తీసి లైటు వేశారు. ఆ వెలుగులో నాంచారమ్మ గారి మొహం ఒక్క క్షణం కనిపించింది. కంగారు లేదు. కళ్ళు మెరుస్తున్నాయి. ఆవిడ గబగబా వచ్చి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని, లైటు అరచేత్తో మూసి, ఆయన జేబులోనే కుక్కేసింది.

తర్వాత చీకట్లో ఆవిడ చేతులు మా భుజాలు పట్టుకుని మమ్మల్ని గోడల వెంట వరసగా నిలబెట్టాయి. ఒకరి వెనక ఒకరు. నా చేతులు తీసి ముందున్న పిల్ల వీపు మీద పెట్టింది. కాదు, మళ్ళీ తీసేసి నన్ను అందరికన్నా ముందుకి నెట్టింది. మూర్తి గారిని కూడా మధ్యలో ఎక్కడో ఇరికించింది. తను వరస చివర నిలబడింది.

కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నా వీపు మీద ఒక చిన్న వేలు. ఒక్క చినుకు. ఇంకొకటి. వెనకనుంచి ఒక్కో వీపే దాటుకుంటూ వాన నా దాకా వచ్చింది! వేళ్ళన్నీ చిటపటలాడాయి. రెండు అరచేతులు ఈ భుజం నుంచి ఆ భుజానికి విసిరినట్టు రాశాయి, అది గాలి. పిడికిళ్ళు దబదబా పడ్డాయి, చెట్లు కూలుతున్నాయి. గది నేల అదురుతోంది, పిల్లలు ఉత్సాహం పట్టలేక కాళ్ళు కొడుతున్నారు. అప్పుడు నడుము దగ్గర మొదలై రెండు చేతులు మెల్లగా పైకి రావడం మొదలుపెట్టాయి. నీళ్ళు. నడుము, వీపు, భుజాలు, మెడ. నాకు ఊపిరాడలేదు. మెడ దగ్గర చేతులు ఆగాయి. ఆ పైన చటుక్కున తీసేశారు. ఏమీ లేదు. వీపు మీద చల్లటి గాలి మాత్రమే.

అయిపోయిందనుకున్నాను. ఇంతలో నా వీపు నడిమధ్యన ఒక చిన్న అరచెయ్యి వచ్చి ఆనింది. వెచ్చగా. రెండుసార్లు తట్టింది.

వరసలో అందరికన్నా ముందున్నది నేనే. ఎవరికి అందించాలి? ఒంటి నిండా కథ పెట్టుకుని ఊరుకోలేక, గోడ తడుముకుంటూ ముందుకి జరిగాను. గది చిన్నది కదా, వరస గోడల వెంట తిరిగి వచ్చి ఉంది. నా చేతులకి ఒక పెద్ద వీపు తగిలింది, జుట్టుముడి తగిలింది. నాంచారమ్మ గారు. నేను ఆలోచించలేదు. చినుకులు వేశాను, గాలి విసిరాను, చెట్లు కూల్చాను, నీళ్ళు పైకి తెచ్చాను, చేతులు తీసేశాను. ఆ తర్వాత అరచెయ్యి ఆనించి రెండుసార్లు తట్టాను.

నా చేతి కింద ఆ వీపు రాయిలా బిగుసుకుపోయింది. తర్వాత వణికింది. మూర్తి గారు తలుపు తెరిచేదాకా ఆవిడ వెనక్కి తిరగలేదు, నేను చెయ్యి తియ్యలేదు.

వెలుగు రాగానే ఆవిడ తిరిగి పిల్లలందర్నీ చూసింది. మొహమంతా తడి. "రెండు దెబ్బలు ఎవురు కొట్టారు? నేను చెప్పలా! నా కథలో అది లేదు!" పిల్లలు ఒకరినొకరు వేలు పెట్టి చూపించుకుంటూ వెనక్కి వెనక్కి వెళితే చివరికి రెండు జడల పిల్ల ఒకతి దొరికింది. భయపడుతూ చెప్పింది, "నీళ్ళొచ్చి చేతులు తీసేసేసరికి ముందున్నవాడు వణికాడు. నేనున్నాలే అని తట్టాను." ముందున్నవాడు అదీ కథే అనుకుని తన ముందువాడికి అందించాడు. అలా అలా నా దాకా వచ్చింది. అచ్చంగా చెవిటివాళ్ళం మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు.

నాంచారమ్మ గారు నేల మీద చతికిలబడి, పిల్లలందరికీ చేతులు కనబడేలా, నిదానంగా చెప్పింది.

"మా పాకలో రాత్రుళ్ళు దీపం ఉండేది కాదు. బయట వానా, గాలా నాకు తెలిసేది కాదు, బయపడేదాన్ని. మా అమ్మ ఎనకాల పడుకుని నా వీపు మీద చెప్పేది. ఉప్పెన రోజు నన్ను తాడిచెట్టుకి కోకతో కట్టి, ఎనకనించి వాటేసుకుంది. చీకటి. అప్పుడూ చెప్తానే ఉంది, వాన, గాలి, నీళ్ళు. చెప్పీ చెప్పీ చెయ్యి ఆగిపోయింది. తెల్లారి చూస్తే ఎనకాల అమ్మ లేదు." ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టి తన వీపు చూపించింది. "అప్పట్నించీ నా వీపు మీద ఎవురూ ఏం చెప్పలా. ఇయ్యాల మీరు చెప్పారు. చెయ్యి మళ్ళీ వచ్చింది."

ఆ తర్వాత ఏం జరిగిందో ఒక వరసలో చెప్పలేను. పిల్లలంతా చేతులు పైకెత్తి గలగలా ఆడించారు, మేం చప్పట్లు అలా కొడతాం. రెండు జడల పిల్ల వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. మూర్తి గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ గోడ వైపు తిరిగి ఏదో ఉద్వేగంగా మాట్లాడుతున్నారు. నేను పరిగెత్తి ఆయన్ని భుజాలు పట్టుకుని ఇటు తిప్పాను. "ప్రతి శనివారం! ప్రతి శనివారం అంటున్నానమ్మా!" అంటున్నారాయన. నేను అది సైగ చేసి చూపించగానే నాంచారమ్మ గారు గాజులన్నీ ఊగేలా లేచి ఎగిరింది. నా జీవితంలో అంత సంతోషించిన రోజు ఇంకొకటి లేదు.

బోర్డు మీద రాసింది అలాగే ఉంది. మార్చమని ఆవిడ అడగలేదు. కొన్నేళ్ళపాటు ప్రతి శనివారం, కరెంటు ఉన్నా సరే, ఆవిడే బల్బు ఆర్పి తలుపేసేది. ఆ రెండు తట్లూ తీసెయ్యమంటారా అని ఒకసారి అడిగాను, అమ్మ కథలో లేవు కదా అని. "ఇప్పుడున్నయ్యిగా," అంది. పోయిన వానాకాలం ఆవిడ నిద్రలోనే పోయింది. చివరి పోర్షన్ తాళం నాకిచ్చారు.

బస్సు బందరు చేరేసరికి వాన వెలిసింది. మూర్తి గారు గేటు దగ్గరే ఎదురొచ్చి, నా మొహంలోకి సరిగ్గా చూస్తూ, "తడిసిపోయావేంటమ్మా!" అన్నారు. నవ్వి లోపలికి వెళ్ళాను. ఇవాళ కొత్త పిల్లలు, గుడివాడ వైపు వాళ్ళు. బావి, సానరాయి, అచ్చులు, అన్నీ అయ్యాయి. చివరి గదిలో పిల్లల్ని గోడల వెంట చుట్టూ నిలబెట్టి, బల్బు ఆర్పి, వరస చివర నేను నిలబడ్డాను. ముందున్న పిల్లవాడి వీపు మీద ఒక్క చినుకు వేశాను. వాన చీకట్లో చుట్టూ తిరిగింది. నా వీపు ఇంకా తడిగానే ఉంది. చినుకులు వచ్చాయి, గాలి వచ్చింది, నీళ్ళు మెడ దాకా వచ్చి ఆగాయి. చేతులు తీసేశారు. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. చిన్న అరచెయ్యి ఒకటి వచ్చి, వీపు నడిమధ్యన ఆని, రెండుసార్లు తట్టింది. ఈసారి నేను వెనక్కి తిరగలేదు.